ఇసుక ఉందా

ఈస్టర్‌కి ముందొచ్చే పవిత్ర గురువారం మధ్యాహ్నం చర్చి గంట మోగగానే కామిగిన్ దీవి అంతటా జనం రోడ్డెక్కుతారు. ఎవరి ఊరి నుంచి వాళ్లు బయల్దేరి, సముద్రం పక్కనే దీవి చుట్టూ వేసిన రోడ్డు మీద పూర్తిగా ఒక చుట్టు నడిచి, మర్నాడు మధ్యాహ్నం మూడు గంటల లోపల మళ్లీ తమ ఊరు చేరాలి. అది మొక్కు. ఎడమ వైపుగా నడుస్తారో కుడి వైపుగా నడుస్తారో ఎవరిష్టం వాళ్లది. ఒక్కటే నియమం, వెనక్కి తిరగకూడదు. జారిపోయిన చెప్పు కోసమైనా సరే.

కార్పియో తల్లి ఒకసారి పడమటి ఒడ్డున బోన్‌బోన్ దగ్గర టోపీ పారేసుకుంది. గాలికి ఎగిరి వెనక్కిపోయింది. ఆవిడ తిరిగి కూడా చూడలేదు. ఎదురుగా వస్తున్నవాళ్లతో, కనబడితే తీసుకురండి, అటుపక్క మళ్లీ ఎదురవుతాం కదా అని చెప్పి సాగిపోయింది. మర్నాడు దీవికి అవతలి పక్కన, మాహినోగ్ దగ్గర, ఎవరో ఎదురొచ్చి టోపీ చేతిలో పెట్టారు. ఆ కథ కార్పియో ఇంట్లో పండగ వంటలా ప్రతి ఏడూ తయారయ్యేది.

ఆ మొక్కు కార్పియో కోసమే. అతనికి ఆరేళ్లప్పుడు, డిసెంబరులో ఒక పొద్దున, కొండ పగిలి నిప్పుల మబ్బు కిందికి దిగింది. తల్లి అతన్ని భుజాన వేసుకుని సముద్రం వైపు పరుగెత్తింది. మెడ దాకా నీళ్లలో నిలబడి, వీడు బతికితే నా కాళ్లున్నంతకాలం దీవి చుట్టూ నడుస్తాను, నా తర్వాత వీడు నడుస్తాడు అని మొక్కుకుంది. ఆమె పోయాక కార్పియో ఆ మొక్కును, ఇంటి వెనక కొబ్బరిచెట్లను, తండ్రి పడవను కలిపి అందుకున్నాడు. కొబ్బరిచెట్లు తుపానుకు పోయాయి. మిగతా రెండూ ఉన్నాయి.

అతని ఊరు ఆగోహో, దీవికి ఉత్తరపు ఒడ్డున. ఊరికి ఎదురుగా, కేక వేస్తే వినబడుతుందేమో అనిపించేంత దూరంలో, సముద్రం మధ్య తెల్లటి ఇసుక తిప్ప ఉంది. దాని మీద చెట్టు లేదు, రాయి లేదు. పోటులో సన్నని గీతలా ఉంటుంది, ఆటులో వెడల్పవుతుంది. అలల్ని బట్టి ఒక ఏడు కొడవలిలా, ఒక ఏడు చేప తోకలా ఆకారం మారుతుంది. దాన్ని చూడ్డానికే ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. వాళ్లని పడవలో తీసుకెళ్లి, ఎండ ముదరక ముందే తిరిగి తీసుకురావడం కార్పియో పని. అక్కడ దిగిన ప్రతివాళ్లూ మొదట ఇసుకను చూసి, తర్వాత వెనక్కి తిరిగి దీవిని చూసి మాట ఆపేస్తారు. కొండలన్నీ ఒకేసారి, పాదాల నుంచి మబ్బుల దాకా, అక్కణ్ణించే కనిపిస్తాయి. దీవిలో ఉన్నవాళ్లకి దీవి అలా కనిపించదు.

అక్కణ్ణించి దీవిని చూపిస్తానని కార్పియో ఒక మనిషికి మాట ఇచ్చి ముప్పై ఏళ్లు కావస్తోంది.

ఆ మనిషి పేరు బసీలియా. దీవికి దక్షిణపు కొస గిన్సిలిబాన్‌లో ఆమె ఇల్లు. లాన్‌సోనెస్ పండ్ల కోతకి ఒక అక్టోబరులో పిన్నితో కలిసి ఆగోహో పైనున్న తోటకి వచ్చింది. అప్పుడు కార్పియోకి ఇరవై మూడు. సాయంత్రాలు గంపలు ఒడ్డుకి దించడానికి వచ్చి, తిప్పని చూసి, అక్కడ నిలబడితే మా ఊరు కనబడుతుందా అని అడిగింది. మీ ఊరు కనబడదు గానీ మీ ఊరిని దాచిపెట్టిన కొండ మొత్తం కనబడుతుంది అన్నాడు. ఆదివారం తెల్లవారుజామున ఆటు, తీసుకెళతాను అన్నాడు. శుక్రవారం గాలి మారింది. ఉత్తరపు గాలి వచ్చిందంటే ఆ ఒడ్డున పడవ కదలదు. ఆ వారమంతా తిప్ప మీద నుంచి అలలు దొర్లాయి, ఇసుక ఆనవాలు లేకుండా పోయింది. కోతలు అయిపోయాయని ఆమె తండ్రి వచ్చి తీసుకెళ్లాడు. బండి ఎక్కుతూ ఆమె, ఇసుక తిరిగొస్తుందా అని అడిగింది. వస్తుంది అన్నాడు కార్పియో. వచ్చింది కూడా. అప్పటికి ఆమెకు పెళ్లయిపోయింది.

ఆ తర్వాత కార్పియోకీ అయింది. భార్య ఫెలీసా మంచి మనిషి. పిల్లలు లేరు. ఏడేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. బతికున్నన్నాళ్లూ ఆమె మీద అతనికి గౌరవం తగ్గలేదు, బసీలియా గురించి ఇంట్లో మాట రాలేదు. గిన్సిలిబాన్‌కి అతనికి పని పడలేదు, ఆగోహోకి ఆమెకి పని పడలేదు. ఇద్దరి మధ్యా కొండ ఉంది. అతని ఇంటి నుంచి చూస్తే దాని వీపు, ఆమె ఇంటి నుంచి చూస్తే దాని ముఖం. ఏది వీపో ఏది ముఖమో అతను తేల్చుకోలేకపోయేవాడు.

కానీ మొక్కు నడకలో అతను పడమరగా బయల్దేరేవాడు. ఆమె కూడా తన ఊరి నుంచి పడమరగానే బయల్దేరేది. ఒకే గంటకి, దీవికి చెరో కొస నుంచి. అందుకని గురువారం పొద్దు గుంకేవేళకి ఇద్దరూ కతర్మన్ దగ్గర, చల్లనీళ్ల ఊట మలుపులో ఎదురయ్యేవారు. శుక్రవారం పొద్దున అవతలి పక్క మాహినోగ్ దగ్గర మళ్లీ ఎదురయ్యేవారు. రెండోసారి మాటల్లేవు. పగటి వెలుతురు, ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది, తల ఊపి దాటిపోవడమే. మాట మొదటిసారే. అదీ ఒక్కటే.

"ఇసుక ఉందా?" అని ఆమె అడిగేది.

"ఉంది" అనేవాడు.

ఆమె వెళ్లిపోయేది. ఆమె మొక్కు ఎందుకోసమో అతనెప్పుడూ అడగలేదు. చుట్టూ ఉన్నవాళ్లు అది బేరాల గురించిన మాట అనుకునేవారు.

నిరుడు జూన్‌లో బసీలియా భర్త పోయాడు. చేపలు అమ్ముకునేవాళ్లతో ఆ కబురు ఆగోహో చేరడానికి రెండు రోజులు పట్టింది. దీవికి అప్పటికింకా ఫోన్లు రాలేదు. కార్పియో విని తెడ్డు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి అతని నోట్లో ఒక వాక్యం తయారవడం మొదలైంది. తిప్ప దగ్గర యాత్రికుల్ని దించి, ఒక్కడూ పడవలో కూర్చుని దాన్ని సరిచేసుకునేవాడు. చివరికి ఇలా కుదిరింది: "ఉంది. ఈసారి చూపిస్తాను, వస్తావా." అంతకన్నా పొడుగు చేస్తే నడిచే మనిషి ఆగి వినదని అతని లెక్క.

ఆ గురువారం అతనితో పిద్యోంగ్ కూడా నడిచాడు. పక్క పడవవాడు, వయసులో చిన్నవాడు, నోరు ఊరుకోనివాడు. లాటరీ తగలాలని మొక్కుకున్నానని ఊరందరికీ చెప్పాడు గానీ, నిజానికి భార్య కొరింగ్ ఆపరేషన్ బాగా జరిగినందుకు నడుస్తున్నాడని కార్పియోకి తెలుసు. బోన్‌బోన్‌లో సముద్రంలో కుంగిపోయిన పాత శ్మశానం మీద నిలబెట్టిన పెద్ద శిలువ ఎదుట ఇద్దరూ టోపీలు తీసి దణ్ణం పెట్టుకున్నారు. అక్కణ్ణించి కార్పియో నడక వేగం పెరిగింది.

"ఊట ఎక్కడికీ పారిపోదన్నా. నా కాళ్లే నన్నొదిలి పారిపోయేలా ఉన్నాయి" అన్నాడు పిద్యోంగ్.

ఊట మలుపు దగ్గర పొద్దు గుంకింది. నీళ్లు తాగేవాళ్లు, కాళ్లు కడుక్కునేవాళ్లు, అరిటాకు పరుచుకుని పడుకున్నవాళ్లు. దక్షిణం నుంచి ఎదురొచ్చే జనంలో కార్పియో ఒక్కో ముఖం చూశాడు. దీపాలు వెలిగించారు. ఇంకా చూశాడు. గిన్సిలిబాన్ నుంచి వస్తున్న గుంపు ఒకటి దాటింది. అందులో ఆమె లేదు. వాళ్లని ఆపి అడగడానికి అతనికి నోరు రాలేదు, ఏమని అడగాలి. వీలైనంతసేపు నిలబడ్డాడు. చివరికి పిద్యోంగే లేచి టోపీ పెట్టుకున్నాడు.  కార్పియో అతని వెనకే కదిలాడు.

జబ్బు చేసిందా, పోయిందా, పోతే కబురు రాకుండా ఉంటుందా. ఆ ఆలోచనలతోనే రాత్రి గడిచింది. పాదాల కింద రోడ్డు, ఎడమ పక్క కొండ, కుడి పక్క సముద్రం.

తెల్లవారుతుండగా గిన్సిలిబాన్ చేరారు. ఒడ్డున పాత కావలి బురుజు కింద బసీలియా కొట్టు. కర్రపెండలం అప్పడాల మీద కొబ్బరి పాకం పోసి అమ్ముతుంది. ఆ రోజు మాత్రం అమ్మకం లేదు. ఆమె కూతురు మరివిక్ పెద్ద గిన్నెలో దుంపలు, అరటిపండ్లు, సగ్గుబియ్యం కొబ్బరిపాలలో ఉడికించిన తీపి జావ నడిచేవాళ్లందరికీ పోస్తోంది. ఇన్నేళ్లలో కార్పియో ఆ కొట్టు ముందు ఆగి జావ తాగాడే గాని, ఆ సమయానికి బసీలియా ఎప్పుడూ అక్కడ ఉండేది కాదు. దీవికి అవతల, ఆగోహో రోడ్డు మీద, ఒడ్డుకి దిగకుండా నడుస్తూ ఉండేది.

మరివిక్ అతన్ని గుర్తుపట్టింది. అడక్కుండానే చెప్పింది.

"అమ్మ ఈసారి తూర్పుగా వెళ్లింది బాబాయ్."

 తూర్పుగా అంటే అతను నడుస్తున్న వైపే. సగం దీవి ముందర. ఇద్దరూ ఒకే వైపు నడుస్తుంటే ఎన్ని చుట్లు తిరిగినా ఎదురుపడరు.

"ఎందుకట?" అన్నాడు.

"అడిగితే చెప్పే మనిషా? ఇన్నేళ్లు పడమరగా వెళ్లినామె, నిన్న గంట మోగేదాకా రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూసింది. గంట మోగింది, ఇటు తిరిగింది." మరివిక్ గరిటె ఆపి నవ్వింది. "ఈపాటికి మీ ఊళ్లో ఉంటుంది. మీరేమో మా ఊళ్లో ఉన్నారు. కాపలావాళ్లు డ్యూటీ మార్చుకున్నట్టుంది మీ ఇద్దరి సంగతి."

పిద్యోంగ్ నవ్వాడు. కార్పియో నవ్వలేదు.

"ఒంట్లో బాగానే ఉందా?"

"మోకాలే. కర్ర పట్టుకుని పోయింది. జూన్ దాకా నల్లబట్టలు తీయనంటుంది, ఆ ఎండలో, ఆ బట్టల్లో. మీరైనా చెప్పకూడదా, ఎదురుపడితే" అని, మళ్లీ తనే నాలిక్కరుచుకుంది. "ఎదురుపడరు కదా."

బురుజు నీడలో కూర్చుని కార్పియో జావ తాగాడు. రుచి తెలియలేదు. ఆమెకి తెలిసిపోయింది. తను ఈ ఏడు ఏదో అడుగుతాడని ఆమెకి తెలుసు, అడిగించుకోకుండా దారి మార్చుకుంది. నల్లబట్టల్లో ఉన్న మనిషి, రోడ్డు మీద, నలుగురి ముందు. తను ఆ సంగతి ఆలోచించలేదు. వాక్యం పొడుగెంత ఉండాలో మాత్రమే ఆలోచించాడు.

"ఒక పని చెయ్యన్నా" అన్నాడు పిద్యోంగ్, ఈసారి వేళాకోళం లేకుండా. "ఇక్కడే కూర్చో. మధ్యాహ్నానికి ఆవిడ ఇక్కడికే కదా వచ్చేది. వెనక్కి తిరగకూడదన్నారు గాని, కూర్చోకూడదని ఎవరూ అనలేదు."

నిజమే. ఎవరూ అనలేదు. కూర్చుంటే మూడు గంటల లోపల ఆగోహో చేరడం కుదరదు, తల్లి మొక్కు తెగుతుంది, అంతే. కార్పియో సముద్రం వైపు చూశాడు. ఈ పక్క సముద్రం అవతల పెద్ద నేల కొండలు కనిపిస్తాయి. ఆమె రోజూ చూసేది ఇదన్నమాట అనుకున్నాడు. మెడ దాకా నీళ్లలో నిలబడ్డ తల్లి గుర్తొచ్చింది. అదొక్కటే అయితే కూర్చునేవాడేమో. ఎదురుపడొద్దనుకున్న మనిషి గుమ్మంలో, ఆమె అలసి కుంటుతూ వచ్చేసరికి తను జవాబు కోసం కూర్చుని ఉండడం అతనికి నచ్చలేదు. గిన్నె కడిగి బోర్లించి లేచాడు.

మాహినోగ్ దగ్గరకి వచ్చేసరికి ఎండ నడినెత్తికి దగ్గరపడుతోంది. పక్కన సముద్రంలో మంతీగ్ చిన్న దీవి పచ్చగా, దాని చుట్టూ నీళ్లు లేతగా ఉన్నాయి. ఏటా ఆమె తల ఊపి దాటే చోటు అది. కార్పియో తల దించుకుని నడుస్తున్నాడు. ఎదురుగా వస్తున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు ఆగారు. గిన్సిలిబాన్ అవతలి ఊరి అమ్మాయిలు, మొహాలు ఎండకి కందిపోయి ఉన్నాయి.

"మీరు ఆగోహో పడవ కార్పియో బాబాయేనా?"

"అవునమ్మా."

"అమ్మయ్య" అంది చిన్నది. "ఎర్ర టోపీ ఉంటుందని చెప్పిందావిడ. ఈ దీవిలో ఎర్ర టోపీ లేని మగాడు లేడని ఈ రోజే తెలిసింది. అందరినీ అడుగుతూ వచ్చాం. ఒకాయన నేనే కార్పియోనని అబద్ధం కూడా చెప్పాడు."

"ఎవరు చెప్పారు?"

"కర్రతో ఒకావిడ, నల్లబట్టలు. తెల్లారేటప్పుడు ఆగోహో ఒడ్డున ఎదురైంది. మీకొక మాట చెప్పమంది." పెద్దది గొంతు సవరించుకుని, బడిలో పాఠం అప్పగించినట్టు చెప్పింది: "ఇసుక ఉంది. నేను చూశాను."

కార్పియో టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"అంతేనా?"

"అంతే. ఇంకేమైనా చెప్పాలా అని మేమూ అడిగాం. చాలు, ఆయనకి తెలుస్తుంది అంది."

పిద్యోంగ్ ఎప్పుడూ లేనిది, ముందుకి నడిచి కొంచెం దూరంలో నిలబడి, చెప్పులో రాయి తీసుకుంటున్నట్టు వంగాడు.

"ఆవిడ మళ్లీ మాకు ఎదురవుతుంది, గిన్సిలిబాన్ దరిదాపుల్లో" అంది చిన్నది. "మీరేమైనా చెప్పాలంటే చెప్పండి. ఇందాకటి నుంచీ మోసుకొచ్చాం, తిరుగు మోత మాకేం బరువు కాదు."

పది నెలలుగా తయారుగా ఉన్న వాక్యం నాలుక మీదకి వచ్చింది. పరాయి పిల్లల నోట అది ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. వెనక్కి మింగాడు. ఇన్నేళ్లుగా తను ఇచ్చిన జవాబునే ఆమె తిరిగి తనకి పంపింది. తను పంపవలసింది ప్రశ్న కాదు.

"జూన్‌లో కూడా ఉంటుందని చెప్పండమ్మా" అన్నాడు.

"ఇసుకా?"

"ఇసుకే."

అమ్మాయిలు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని, ఒకసారి వల్లించుకుని, దక్షిణంగా సాగిపోయారు. వాళ్ల వైపు తిరిగి చూడాలని కార్పియోకి మెడ లాగింది. మొక్కు గుర్తొచ్చి చూడలేదు.

మూడు గంటలకి ఇంకా కొంచెం ముందే ఆగోహో చేరాడు. చర్చి మెట్ల మీద మోకరిల్లి, లేచి, నేరుగా ఒడ్డుకి వెళ్లాడు. గుడ్ ఫ్రైడే నాడు అక్కడ పడవ నీళ్లలో దించరు. పడవలన్నీ ఒడ్డున ఇసుకలో, ఒరగకుండా రెండు వైపులా కట్టే పక్కకర్రలు చాచుకుని ఉన్నాయి. అతని పడవ దగ్గర కొరింగ్ నిలబడి ఉంది, అతని కోసమే కాచుకున్నట్టు.

"మీ పడవకి తెల్లారే బేరం తగిలింది బావగారూ" అంది. "ఒకావిడ. ఎక్కి కూర్చోవచ్చా అని అడిగింది. ఇవాళ కదలదమ్మా అన్నాను. కదలక్కర్లేదు, కూర్చుంటాను అంది."

తర్వాత కొరింగ్ చెప్పిందంతా కార్పియో నిలబడే విన్నాడు. ఆమె కూర్చున్నప్పుడు పోటు నిండుగా ఉందట, తిప్ప గీతలా ఉందట. నీళ్లు తీస్తున్నకొద్దీ ఇసుక పైకి తేలుతుంటే కళ్లార్పకుండా చూసిందట. యాత్రికులు ఎక్కడ కూర్చుంటారు, పడవ నడిపే మనిషి ఎక్కడ నిలబడతాడు అని అడిగిందట. ఆ చోట చెయ్యి వేసి చూసిందట. తిప్ప కొంచెం వెడల్పయ్యాక, ఇంక చాలు అని లేచిందట.

"దిగడానికే కష్టమైంది పాపం. మోకాలు వంగదు. పడవ అంచు దాటి కాలు ఎత్తలేకపోయింది. నేను పట్టుకుంటే దిగింది." కొరింగ్ అతని ముఖం చూసింది. "ఎవరావిడ?" అంది, తెలిసే.

"గిన్సిలిబాన్ ఆవిడ" అన్నాడు కార్పియో.

కొరింగ్ వెళ్లిపోయాక అతను పడవలోకి ఎక్కి, ఆమె కూర్చున్న చోట కాకుండా దాని ఎదుట బల్ల మీద కూర్చున్నాడు. పోటు మళ్లీ వస్తోంది. తిప్ప సన్నబడుతోంది. ఒక పూట ముందు ఆమె ఇక్కడ ఉంది. అతను లేని ఒడ్డు చూసుకుని, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేకుండా, తనంతట తాను చూసి పోయింది. దూరం నుంచే చూసింది. ఇసుక మీద నిలబడి వెనక్కి తిరిగి కొండని చూడలేదు. అది ఇంకా మిగిలే ఉంది.

ఈస్టర్ ఆదివారం తెల్లవారకముందే మగవాళ్ల ఊరేగింపు ఒక వీధి నుంచి, ఆడవాళ్ల ఊరేగింపు ఇంకో వీధి నుంచి వచ్చి చర్చి ముందు కలిశాయి. చిన్నపిల్ల ఒకతె మరియమ్మ విగ్రహం మీద దుఃఖానికి గుర్తుగా వేసిన నల్లముసుగు తీసింది. కార్పియో ప్రతి ఏడూ ఆ సమయానికి కొవ్వొత్తి చూసుకుంటూ ఉండేవాడు. ఈసారి ముసుగునే చూశాడు.

ఆ రోజంతా తిప్పకి యాత్రికుల తాకిడి. ఒక పట్నం ఆయన ఇసుక మీద దిగి, కొండని చూసి, కాసేపటికి, ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందా అని అడిగాడు. ఏటా పదిమందైనా అడిగే మాట అది. చోటు మారుతుంది, పోదు అని చెబుతాడు కార్పియో. అదే చెప్పాడు. చెప్పి, తిప్ప కొస దాకా నడుస్తూ పాదంతో ఇసుకని నొక్కి చూశాడు. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ కాలు దిగబడుతుంది, పడవ ఎంత దగ్గరగా రాగలదు. కర్ర దిగబడని చోటు తూర్పు కొసన ఉంది.

సోమవారం యాత్రికులు తగ్గారు. కార్పియో రెండు వెదురు గడలు కొట్టుకొచ్చి పడవ నీడలో కూర్చుని నిచ్చెన కట్టడం మొదలుపెట్టాడు. ఒక పక్క చెయ్యి పట్టుకోవడానికి గడ పొడుగ్గా వదిలాడు. పిద్యోంగ్ వచ్చి నిలబడ్డాడు.

"ఇదెవరికన్నా? మన దగ్గరకొచ్చేదంతా కుర్రకారు. పడవ ఆగకముందే దూకుతారు."

"మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా వస్తారు."

"ఎప్పుడు?"

"జూన్‌లో."

పిద్యోంగ్ కూర్చుని తాడు కొస పట్టుకున్నాడు.

కట్టడం అయ్యాక కార్పియో నిచ్చెనని పడవ అంచుకి తగిలించి, కుడికాలు కర్రలా బిగబట్టి, వంచకుండా ఎక్కి చూశాడు. మొదటి మెట్టు బాగానే అందింది. రెండోది ఎత్తుగా ఉంది. కిందికి దిగి, ఆ మెట్టు తాడు విప్పి, మళ్లీ కిందికి కట్టడం మొదలుపెట్టాడు.